ట్రైజాల్ ఆర్ఎన్ఏ: 260/230 విలువ 0.4 వస్తోంది, సీడీఎన్ఏకి వాడొచ్చా?

వరంగల్ పిపెట్

అందరికీ నమస్కారం. నేను పీహెచ్‌డీ మొదటి ఏడాదిలో ఉన్నాను. ఒక మందు ప్రభావం చూడటానికి, ఎంసీఎఫ్-7 కణాల (మనిషి రొమ్ము క్యాన్సర్ కణాలు) నుంచి ట్రైజాల్‌తో (ఫినాల్, గ్వానిడిన్ ఉన్న ద్రావణం) ఆర్ఎన్ఏ తీసి, సీడీఎన్ఏ (ఆర్ఎన్ఏకి డీఎన్ఏ నకలు) చేసి, క్యూపీసీఆర్‌లో (జన్యువు ఎంత పనిచేస్తోందో కొలిచే పీసీఆర్) నాలుగు జన్యువులు చూడాలి. ఆరు వెల్స్ (గుంటలు) ప్లేటులో ఒక్కో వెల్ ఒక్కో శాంపిల్. కణాలు దాదాపు నిండుగా ఉన్నప్పుడే తీశాను.

నానోడ్రాప్‌లో (కాంతి ఎంత పీల్చుకుందో చూసి ఆర్ఎన్ఏని కొలిచే యంత్రం) అన్ని శాంపిళ్లూ ఇంచుమించు ఇలాగే ఉన్నాయి: 38 నానోగ్రాములు/మైక్రోలీటరు, 260/280 విలువ 1.62, 260/230 విలువ 0.4 (ఆ నానోమీటర్ల దగ్గర పీల్చుకున్న కాంతి నిష్పత్తులు; శుభ్రమైన ఆర్ఎన్ఏకి రెండూ 2 దగ్గర ఉండాలి). చివర్లో 30 మైక్రోలీటర్ల నీళ్లలో కలిపాను. పెల్లెట్ (ట్యూబు అడుగున దిగే ఆర్ఎన్ఏ ముద్ద) కంటికి కనిపించలేదు.

సీనియర్‌ని అడిగితే "పర్లేదు, పీసీఆర్ పనిచేస్తుందిలే" అన్నారు. ఇంకొకరు "మొత్తం పారేసి మళ్లీ తియ్యి" అన్నారు. ఎవరి మాట వినాలో తెలియక టెన్షన్‌గా ఉంది. గైడ్‌కి ఈ వారమే డేటా చూపించాలి.

సెంట్రిఫ్యూజ్ బాబాయ్

అమ్మా, ఇద్దరి మాటా ఇప్పుడే వినకు. ముందు నాలుగు సంగతులు చెప్పు.

నానోడ్రాప్‌లో అంకెలు కాదు, గీత ఎలా ఉంది? శిఖరం 260 దగ్గరే ఉందా, 270 వైపు జరిగిందా? 230 దగ్గర లోయ కనిపిస్తోందా, అసలు లోయే లేదా?

క్లోరోఫామ్ వేశాక స్పిన్ చేసిన సెంట్రిఫ్యూజ్ నిజంగా 4 డిగ్రీల్లో ఉందా? తెరమీద చూపించే 4 కాదు, లోపల చెయ్యి పెడితే చల్లగా ఉందా అని అడుగుతున్నా.

పై పొర ఎంతవరకు తీశావు? అంతా తీశావా, కొంత వదిలావా?

ఒక్కో వెల్‌కి ట్రైజాల్ ఎంత పోశావు?

కిట్ ఉంటే చాలు

2020ల్లో కూడా ఫినాల్ పీల్చుకుంటూ కూర్చోవడం ఏంటండీ. ఆర్ఎన్ఏని వడపోత గొట్టంలో పట్టే కాలమ్ కిట్ కొనండి. అరగంటలో పని అయిపోతుంది, 260/230 గోల ఉండదు, డీఎన్ఏని కాలమ్ మీదే డీఎన్ఏజ్‌తో (డీఎన్ఏని కోసే ఎంజైము) తీసేయొచ్చు.

గోదావరి ఎంఆర్ఎన్ఏ

@కిట్ ఉంటే చాలు: కిట్‌లో కూడా గ్వానిడిన్ లవణం ఉంటుంది సార్. వాష్ బఫర్ సరిగ్గా పోకపోతే 260/230 అక్కడా పడిపోతుంది. చివరి వాష్ తర్వాత ఖాళీ కాలమ్‌ని ఇంకోసారి స్పిన్ చేయకపోతే ఇథనాల్ కూడా ఆర్ఎన్ఏలోకి వచ్చేస్తుంది. కిట్ మంచిదే, కాదనను. కానీ 50 శాంపిళ్ల డబ్బా కొనుక్కోమని, గ్రాంట్ ఎప్పుడొస్తుందో తెలియని విద్యార్థికి చెప్పడం తేలికే. ట్రైజాల్ సీసా ఒక్కటి ఉంటే ల్యాబ్ అంతా కొన్ని నెలలు గడుపుతారు.

ఇంకో మాట. ఈ పద్ధతి ఎందుకు పనిచేస్తుందో తెలిస్తే ఎక్కడ చెడిందో పట్టుకోవడం సులువు. 1987లో ఖోమ్‌చిన్‌స్కీ, సాక్కీ ప్రచురించిన పద్ధతి ఇది. అంతకుముందు గ్వానిడిన్‌లో కణాలు కరిగించి, సీజియం క్లోరైడ్ మీద గంటల తరబడి అల్ట్రాసెంట్రిఫ్యూజ్ తిప్పేవాళ్లు. వీళ్లు గ్వానిడిన్ థయోసయనేట్‌నీ ఆమ్ల ఫినాల్‌నీ కలిపి ఒకే ట్యూబులో పని కానిచ్చారు. ఆమ్ల పీహెచ్ వల్ల డీఎన్ఏ మధ్య పొరలోకీ కింది ఫినాల్‌లోకీ పోతుంది, ఆర్ఎన్ఏ మాత్రం పై నీటి పొరలో ఉండిపోతుంది. పీహెచ్ తటస్థంగా ఉంటే డీఎన్ఏ కూడా పైకే వచ్చేస్తుంది. గ్వానిడిన్ పని ఆర్ఎన్ఏజ్‌తో (ఆర్ఎన్ఏని కోసే ఎంజైము) సహా ప్రోటీన్లన్నిటినీ విప్పేయడం. అందుకే కణాలు ట్రైజాల్‌లో ఉన్నంతసేపు ఆర్ఎన్ఏకి భయం లేదు. ఆ లైసేట్‌ని మైనస్ 80లో నెలల తరబడి దాచుకోవచ్చు.

వరంగల్ పిపెట్

బాబాయ్ గారూ, జవాబులు:

గీత శిఖరం 268-270 మధ్య ఉంది. 230 దగ్గర లోయ లేదు, 220 వైపు గోడలా పైకి లేచిపోతోంది.

సెంట్రిఫ్యూజ్ కూలింగ్ పాడై చాలా రోజులైంది, రిపేర్‌కి రాశారు. మామూలు మినీ సెంట్రిఫ్యూజ్ లాంటిది ఏసీ గదిలో పెట్టి తిప్పాం. ఏసీ కూడా పగలు ఆన్-ఆఫ్ అవుతూ ఉంటుంది.

పై పొర వీలైనంత మొత్తం తీశాను. తక్కువ వస్తే ఆర్ఎన్ఏ పోతుందని.

ట్రైజాల్ పొదుపుగా వాడమన్నారు, కాబట్టి వెల్‌కి 500 మైక్రోలీటర్లు. క్లోరోఫామ్ 200. కణాలని ముందు ట్రిప్సిన్‌తో (అంటుకున్న కణాలని ఊడదీసే ఎంజైము) లేపి, ట్యూబులో స్పిన్ చేసి, ఆ పెల్లెట్ మీద ట్రైజాల్ పోశాను. పీబీఎస్‌తో (ఉప్పు బఫర్) వాష్ చేయలేదు, మీడియం (కణాలు పెరిగే ద్రవం) తీసేశానంతే.

సెంట్రిఫ్యూజ్ బాబాయ్

సరే, దాదాపు అంతా నువ్వే చెప్పేశావు.

శిఖరం 270 వైపు జరగడం ఫినాల్ గుర్తు. ఫినాల్ 270 దగ్గర గట్టిగా పీల్చుకుంటుంది, 230 దగ్గర కూడా పీల్చుకుంటుంది. 220 వైపు గోడలా లేవడం గ్వానిడిన్ థయోసయనేట్ గుర్తు. నీ శాంపిల్‌లో రెండూ ఉన్నాయి. అంటే ఆ 38 కూడా నిజమైన 38 కాదు, అందులో కొంత ఫినాల్ తన వాటా వేసుకుంది.

ఫినాల్ ఎందుకొచ్చింది? క్లోరోఫామ్ తర్వాతి స్పిన్ చల్లగా జరగాలని ప్రోటోకాల్‌లో రాసేది అలంకారానికి కాదు. ట్యూబు వేడెక్కితే ఫినాల్ కొంత నీటి పొరలోకి చేరుతుంది. మన వైపు ఏప్రిల్, మే నెలల్లో గది ఉష్ణోగ్రత అంటే ఎంతో నీకు చెప్పక్కర్లేదు. చలిదేశంలో రాసిన మాన్యువల్‌లో "రూమ్ టెంపరేచర్" అంటే 20-25. మనకి అది ఏసీ నడుస్తున్నప్పుడు మాత్రమే. కూలింగ్ లేకపోతే రోటర్ తీసి కాసేపు ఫ్రిజ్‌లో పెట్టు, ట్యూబులు ఐస్‌లో ఉంచు, లేదా పక్క డిపార్ట్‌మెంట్‌లో అరగంట సెంట్రిఫ్యూజ్ అడుక్కో. సిగ్గుపడేది ఏమీ లేదు, అందరం అడుక్కున్నవాళ్లమే.

రెండోది పై పొర. మధ్యలో తెల్లగా మీగడలా కట్టిన పొర ఉంటుంది చూడు, డీఎన్ఏ, ప్రోటీన్ అన్నీ అందులోనే. పిపెట్ కొన దాని దగ్గరికి వెళ్లిందంటే కొంత లాగేసినట్టే. ట్యూబుని 45 డిగ్రీలు వంచి, పై పొరలో మూడింట రెండొంతులు తీసుకో, మిగిలింది వదిలెయ్. వదిలినందుకు పోయే ఆర్ఎన్ఏ కంటే లాగినందుకు వచ్చే చెత్త ఖరీదు ఎక్కువ.

మూడోది కొలతలు. 1 మి.లీ. ట్రైజాల్‌కి 0.2 మి.లీ. క్లోరోఫామ్. నువ్వు 0.5కి 0.2 వేశావు, రెట్టింపు. ప్లేటు విషయానికొస్తే సుమారు 10 చదరపు సెంటీమీటర్లకి 1 మి.లీ. అని పాత లెక్క, ఆరు వెల్స్ ప్లేటులో ఒక్కో వెల్ దాదాపు అంతే ఉంటుంది. ట్రైజాల్ తక్కువైతే డీఎన్ఏ జిగురు తెగదు, పై పొరలోకి కూడా వస్తుంది. పొదుపు చేయాలంటే వెల్స్ తగ్గించు, ట్రైజాల్ తగ్గించకు.

క్రమం ఇది: క్లోరోఫామ్ వేసి చేత్తో 15 సెకన్లు గట్టిగా ఊపు, రెండు మూడు నిమిషాలు ఉంచు, 12,000 జీ (గురుత్వానికి ఎన్ని రెట్లు అనే లెక్క) దగ్గర 15 నిమిషాలు చల్లగా స్పిన్. పై పొర కొత్త ట్యూబులోకి. ట్రైజాల్‌లో సగం పరిమాణం ఐసోప్రొపనాల్, 10 నిమిషాలు, మళ్లీ 12,000 దగ్గర 10 నిమిషాలు. తర్వాత 75 శాతం ఇథనాల్ 1 మి.లీ.తో వాష్, 7,500 జీ దగ్గర 5 నిమిషాలు. ఈ వాష్ రెండుసార్లు చెయ్. గ్వానిడిన్ పోయేది ఇక్కడే. వాష్ వేసి పెల్లెట్‌ని కదపకుండా ఒంపేస్తే అది వాష్ కాదు. పెల్లెట్ అడుగు నుంచి ఊడి తేలాలి.

ఇంకొకటి. జీ అంటే ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) కాదు. ఆ మినీ సెంట్రిఫ్యూజ్ అసలు 12,000 జీ ఇస్తుందా చూసుకో. నీ పెల్లెట్ కనిపించకపోవడానికి అదే సగం కారణమని నా అనుమానం.

బోస్టన్ తెలుగోడు

బాబాయ్ చెప్పినదానికి నా వంతు.

దిగుబడి లెక్క వేసుకోండి. ఒక్కో క్షీరద కణంలో మొత్తం ఆర్ఎన్ఏ 10 నుంచి 30 పికోగ్రాములు. ఆరు వెల్స్ ప్లేటులో నిండిన వెల్‌లో సుమారు పది లక్షల కణాలు. అంటే 10 మైక్రోగ్రాములకి తగ్గకూడదు. మీకు 38 గుణించు 30, అంటే 1.1 మైక్రోగ్రాములు, అందులోనూ ఫినాల్ వాటా. మహా అయితే పదో వంతు వచ్చింది. 260/230 గురించి బెంగ పడేముందు ఆర్ఎన్ఏ ఎక్కడికి పోయిందో బెంగ పడాలి.

ట్రిప్సిన్ ఎందుకు? ప్లేటు మీద అంటుకుని పెరిగే కణాలని లేపక్కర్లేదు. మీడియం తీసెయ్యండి, చల్లటి పీబీఎస్‌తో ఒకసారి కడగండి, నేరుగా వెల్‌లోనే ట్రైజాల్ పోసి పిపెట్‌తో పైకీ కిందికీ లాగండి. ట్రిప్సిన్, 37 డిగ్రీలు, స్పిన్, ఇవన్నీ అయ్యేలోపు స్ట్రెస్ జన్యువులు లేచి కూర్చుంటాయి. మీరు చూసేది మీ మందు ప్రభావమా, ట్రిప్సిన్ ప్రభావమా? ఇక పీబీఎస్ ఎందుకంటే సీరమ్‌లో ఆర్ఎన్ఏజ్‌లు ఉంటాయి, మిగిలిన మీడియం ట్రైజాల్‌ని పలుచన కూడా చేస్తుంది.

పాలిస్టైరీన్ ప్లేటులో ట్రైజాల్‌ని ఎక్కువసేపు వదిలేయకండి. క్లోరోఫామ్ అయితే ప్లేటులో అస్సలు వేయొద్దు, ప్లాస్టిక్ కరుగుతుంది. పాలిప్రొపిలీన్ ట్యూబులోకి మార్చాకే.

కణాలు తక్కువున్న శాంపిళ్లలో ఐసోప్రొపనాల్‌కి ముందు ఆర్ఎన్ఏజ్ లేని గ్లైకోజెన్ 5-10 మైక్రోగ్రాములు వేస్తే పెల్లెట్ కనిపిస్తుంది, ఆర్ఎన్ఏ కూడా బాగా దిగుతుంది.

గోదావరి ఎంఆర్ఎన్ఏ

260/230 మీద నాకు కొంచెం భిన్నాభిప్రాయం. గ్వానిడిన్ చాలా తక్కువ మోతాదులో ఉన్నా 220-230 దగ్గర గోడ కట్టేస్తుంది. ఆ మోతాదు ఆర్‌టీ ఎంజైముని (ఆర్ఎన్ఏ నుంచి సీడీఎన్ఏ చేసేది) ఆపేంత ఉండకపోవచ్చు. పైగా ఆర్ఎన్ఏ పలుచగా ఉన్నప్పుడు ఈ నిష్పత్తి ఊరికే పడిపోతుంది. 500 నానోగ్రాముల శాంపిల్‌లో 1.9 చూపించేంత గ్వానిడినే 30 నానోగ్రాముల శాంపిల్‌లో 0.5 చూపించగలదు. కాబట్టి "260/230 రెండు లేకపోతే చెత్తబుట్టే" అనే ల్యాబ్ నియమాలు నాకు నచ్చవు. ఫినాల్ వేరే సంగతి, అది ఎంజైములకి పడదు.

అనుమానం ఉంటే పరీక్ష సులువు. అదే సీడీఎన్ఏని పదింతలు పలుచన చేసి క్యూపీసీఆర్ పెట్టండి. సీటీ (సిగ్నల్ కనిపించడానికి పట్టే సైకిళ్ల సంఖ్య) 3.3 పెరగాలి. రెండే పెరిగిందంటే చిక్కటి శాంపిల్‌లో ఏదో పీసీఆర్‌ని నొక్కేస్తోందని అర్థం. ఆర్‌టీ దశని కూడా చూడాలంటే ఆర్ఎన్ఏనే రెండు మోతాదుల్లో పెట్టి చూడాలి.

కిట్ ఉంటే చాలు

260/280 మాత్రం 1.62 అంటే ప్రోటీన్ కలిసిందనే కదా? పుస్తకాల్లో అలాగే ఉంది.

సెంట్రిఫ్యూజ్ బాబాయ్

ప్రోటీన్ కావచ్చు, ఫినాల్ కావచ్చు, సగమే కరిగిన ఆర్ఎన్ఏ కావచ్చు, నీళ్లు కూడా కావచ్చు. పీహెచ్ తగ్గిన నీళ్లలో కొలిస్తే శుభ్రమైన ఆర్ఎన్ఏ కూడా 2.0 బదులు 1.8 చూపిస్తుంది. నిల్వ ఉన్న డిస్టిల్డ్ నీళ్లు గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చుకుని ఆమ్లంగానే ఉంటాయి. బ్లాంక్ కూడా అదే నీళ్లతో పెట్టాలి.

పెల్లెట్‌ని అతిగా ఆరబెట్టినా కరగక 1.6 కంటే తగ్గుతుంది. తెల్లటి పెల్లెట్ అంచులు పారదర్శకంగా మారుతున్నప్పుడే నీళ్లు పోసెయ్యాలి. ఫ్యాన్ కింద పెట్టి టీకి వెళ్లిపోతే అయిపోయినట్టే. కరగకపోతే 55-60 డిగ్రీల్లో 10 నిమిషాలు ఉంచండి.

అసలు విషయం మాత్రం ఎవరూ అనలేదు. నానోడ్రాప్ ఆర్ఎన్ఏ ముక్కలైందా లేదా అనేది చెప్పదు. పూర్తిగా తునకలైన ఆర్ఎన్ఏ కూడా 260/280లో 2.0 అందంగా చూపిస్తుంది. డీఎన్ఏ కలిసినా అదీ 260లోనే కొలతకి వస్తుంది. శుభ్రత వేరు, అఖండత వేరు.

వరంగల్ పిపెట్

చాలా థాంక్స్ అందరికీ. పాత శాంపిళ్లు కాపాడుకోవచ్చా, పారేయాలా? మా దగ్గర బయోఎనలైజర్ (ఆర్ఎన్ఏ ముక్కలైందా అని చూపే యంత్రం) లేదు. బయట ఇస్తే శాంపిల్‌కి లెక్క కట్టి తీసుకుంటారు. జెల్ మీద చూడొచ్చా? ఫార్మాల్డిహైడ్ జెల్ అంటే భయం, మా ఫ్యూమ్ హుడ్ సామాన్ల గదిలా ఉంది.

బోస్టన్ తెలుగోడు

పాతవి: ఫినాల్ పోవాలంటే నీళ్లతో 200 మైక్రోలీటర్లకి పెంచి, సమానంగా క్లోరోఫామ్ వేసి ఊపి, స్పిన్ చేసి పై పొర తీసుకోండి. దానికి పదో వంతు 3 మోలార్ సోడియం ఎసిటేట్, పీహెచ్ 5.2, రెండున్నర రెట్లు ఇథనాల్, మైనస్ 20లో ఉంచి స్పిన్, 75 శాతంతో రెండు వాష్‌లు. కానీ 1 మైక్రోగ్రాముకి ఇంత శ్రమ ఎందుకు? అవి ట్రిప్సిన్ వేసిన శాంపిళ్లు కూడా. కణాలు మళ్లీ పెంచండి. అలవాటు కోసమైతే పాతవాటి మీద చేసి చూడండి.

జెల్ గురించి: బ్లీచ్ జెల్ అని ఒకటుంది. మామూలు 1 శాతం అగరోజ్‌ని టీఏఈ బఫర్‌లో వేసి, కరిగించే ముందు బ్లీచ్ ద్రావణం కలపడమే. అది ఆర్ఎన్ఏజ్‌ని చంపుతుంది, ఆర్ఎన్ఏ మడతల్ని కూడా కొంత విప్పుతుంది. 6 శాతం హైపోక్లోరైట్‌తో అయితే జెల్ పరిమాణంలో 1 శాతం. మన ల్యాబుల్లో దొరికేది తరచూ 4 శాతం, అప్పుడు 50 మి.లీ. జెల్‌కి 0.75 మి.లీ. వేసి, ఐదు నిమిషాలు కలిపి, తర్వాత కరిగించండి. క్లోరిన్ వాసన వస్తుంది, కిటికీ తెరవండి. సువాసన, సబ్బు కలిపిన ఇంటి బ్లీచ్ వద్దు. బ్లీచింగ్ పౌడర్ అసలే వద్దు, అది కాల్షియం లవణం, వేరే సరుకు.

శాంపిల్ 500 నానోగ్రాముల నుంచి 1 మైక్రోగ్రాము. ఫార్మమైడ్ ఉన్న లోడింగ్ డైతో 65-70 డిగ్రీల్లో ఐదు నిమిషాలు, వెంటనే ఐస్‌లో.

పైన 28ఎస్, కింద 18ఎస్, రెండూ రైబోజోమ్ ఆర్ఎన్ఏ పట్టీలు. మనిషి కణాల్లో 28ఎస్ సుమారు 5 వేల న్యూక్లియోటైడ్లు, 18ఎస్ 1,900కి కొంచెం తక్కువ. రెండూ పదునుగా ఉండి, పైది కిందిదానికంటే సుమారు రెట్టింపు వెలగాలి. ముక్కలైతే ముందు 28ఎస్ మసకబారుతుంది, తర్వాత రెండూ కిందికి జారి పొగలా అవుతాయి. జెల్‌లో శాంపిల్ పోసిన గుంటలోనే ఆగిపోయిన వెలుగు ఉంటే అది డీఎన్ఏ.

జెల్‌లో మీకు కనిపించేది రైబోజోమల్ ఆర్ఎన్ఏనే. మొత్తం ఆర్ఎన్ఏలో 80 శాతం పైన అదే, ఎంఆర్ఎన్ఏ కొద్ది శాతమే. రైబోజోమ్‌ది బాగుంటే ఎంఆర్ఎన్ఏ కూడా బాగున్నట్టు అనుకుంటాం.

మోడరేటర్ కాకి

పై పోస్టుకి ఒక హెచ్చరిక కలుపుతున్నా, దయచేసి దాటెయ్యకండి. బ్లీచ్ జెల్‌లో వేసుకోండి. ట్రైజాల్ వ్యర్థాల్లో గానీ, కిట్ లైసిస్ బఫర్ వ్యర్థాల్లో గానీ బ్లీచ్ పోయొద్దు. గ్వానిడిన్ థయోసయనేట్, హైపోక్లోరైట్ కలిస్తే విష వాయువులు వస్తాయి. కల్చర్ మీడియం వ్యర్థాల్లో బ్లీచ్ పోసే అలవాటున్న చెయ్యి అలాగే ట్రైజాల్ సీసా మీదికి వెళ్తుంది. వేరే సీసా పెట్టి పెద్ద అక్షరాలతో రాయండి. సక్షన్ పంపు ట్రాప్‌లో బ్లీచ్ ఉంటే ట్రైజాల్‌ని దాంతో లాగొద్దు.

ఫినాల్ చర్మం మీద పడితే మొదట నొప్పి కూడా తెలియదు, కాలుతుంది. గాగుల్స్ పెట్టుకోండి.

ఆర్ఎన్ఏజ్ భయం

మా ల్యాబులో టిప్పులు రెండుసార్లు ఆటోక్లేవ్ చేస్తాం, నీళ్లలో డీఈపీసీ (ఆర్ఎన్ఏజ్‌ని చంపే రసాయనం) వేస్తాం, ట్రిస్ బఫర్లో కూడా డీఈపీసీ వేస్తాం. అయినా ఒక్కోసారి జెల్‌లో స్మియర్ (ముక్కలైన ఆర్ఎన్ఏ పొగలాంటి మరక) వస్తుంది. ఎందుకు?

గోదావరి ఎంఆర్ఎన్ఏ

ఆర్ఎన్ఏజ్ ఏకి నాలుగు డైసల్ఫైడ్ బంధాలు ఉంటాయి. మరిగించినా చల్లారగానే మళ్లీ మడత పడి పని మొదలెడుతుంది. ఆటోక్లేవ్ మీద పూర్తి నమ్మకం పెట్టుకోలేం. గాజు సామాను అయితే 240 డిగ్రీల్లో గంటల తరబడి కాల్చాలి. ట్రిస్‌లో డీఈపీసీ వేయొద్దు, అది ట్రిస్‌లోని అమైన్‌తోనే కలిసిపోయి వృథా అవుతుంది. డీఈపీసీ నీళ్లతో ట్రిస్ తయారు చేసుకోవాలి.

నిజానికి కల్చర్ కణాల్లో భయం మరీ అంత అక్కర్లేదు. ప్యాంక్రియాస్, ప్లీహం లాంటి కణజాలాల్లో ఉన్నంత ఆర్ఎన్ఏజ్ వీటిలో ఉండదు. ట్రైజాల్‌లో ఉన్నప్పుడు గ్లోవ్స్ మన చర్మం కోసం. ఆర్ఎన్ఏ కోసం జాగ్రత్త మొదలయ్యేది ఇథనాల్ పోయి నీళ్లలోకి వచ్చాక. అప్పుడు ఐస్ మీద, కొత్త టిప్పులు, చిన్న చిన్న భాగాలుగా మైనస్ 80లో. అదే గ్లోవ్స్‌తో ఫోన్ ముట్టుకుని ట్యూబు మూత తెరిచేవాళ్లని రోజూ చూస్తుంటాను.

కత్తెర పురుగు

థ్రెడ్ మధ్యలో దూరుతున్నందుకు సారీ, నాదీ నాణ్యత సమస్యే. పేరు చూస్తే తెలుస్తుంది కదా, 2018లో మన దేశంలో దిగి మొక్కజొన్నని తినేస్తున్న పురుగు మీదే నా పని. దాని నుంచే వచ్చిన ఎస్ఎఫ్9 కణాల ఆర్ఎన్ఏని సీక్వెన్సింగ్‌కి పంపితే సంస్థ వాళ్లు "రిన్ విలువ తక్కువ, 28ఎస్ లేదు, ముక్కలైంది" అని వెనక్కి పంపారు. మళ్లీ తీశాను, మళ్లీ అదే. కానీ 18ఎస్ దగ్గర పట్టీ కత్తిలా ఉంది, కింద స్మియర్ అసలు లేదు. ముక్కలైతే స్మియర్ ఉండాలి కదా?

సెంట్రిఫ్యూజ్ బాబాయ్

నీ ఆర్ఎన్ఏ బాగుంది నాయనా. తప్పు కొలబద్దది.

చాలా పురుగుల 28ఎస్ మధ్యలో సహజంగానే ఒక తెగు ఉంటుంది, హిడెన్ బ్రేక్ అంటారు. కణంలో ఉన్నప్పుడు ఆ రెండు ముక్కల్నీ హైడ్రోజన్ బంధాలు పట్టి ఉంచుతాయి. నువ్వు వేడి చేసి మడతలు విప్పగానే రెండూ విడిపోతాయి. ఒక్కోటీ ఇంచుమించు 18ఎస్ అంతే ఉంటుంది కాబట్టి మూడూ కలిసి ఒకే పట్టీగా పరిగెడతాయి. డ్రోసోఫిలాలో కూడా ఇంతే.

రిన్ అనేది బయోఎనలైజర్ గీతంతా చూసి 1 నుంచి 10 మధ్య మార్కులేసే లెక్క. దానికి నేర్పింది 28ఎస్ శిఖరం ఉండే ఆర్ఎన్ఏలతో. ఆ శిఖరం లేకపోతే మార్కులు కోస్తుంది, పురుగా మనిషా అది చూడదు. సగం శాంపిల్‌ని వేడి చేయకుండా, సగం వేడి చేసి పక్కపక్కన నడిపి ఆ బొమ్మ పంపు. వేడి చేయని దాంట్లో 28ఎస్ పట్టీ కనిపిస్తే ఇక వాదన అక్కర్లేదు. రిన్ అంకె కాదు, కింద గీత చదునుగా ఉందా చూడమని రాయి.

కత్తెర పురుగు

బాబాయ్, పాదాభివందనం. మీరు చెప్పినట్టే నడిపాను. వేడి చేయని వరసలో రెండు పట్టీలు, చేసిన వరసలో ఒక్కటే. సీక్వెన్సింగ్ వాళ్లు ఒప్పుకున్నారు.

కిట్ ఉంటే చాలు

ఇది నాకూ కొత్తే. మనిషి కణాల క్యూపీసీఆర్‌కి రిన్ ఎంత ఉండాలి మరి?

బోస్టన్ తెలుగోడు

పాలీ-ఏ తోకతో (ఎంఆర్ఎన్ఏ చివర ఉండే ఏల వరస) పట్టుకుని చేసే ఆర్ఎన్ఏ సీక్వెన్సింగ్‌కి మామూలుగా 7 లేదా 8 పైన అడుగుతారు. ఆర్ఎన్ఏ విరిగితే తోక దగ్గరి భాగమే దొరుకుతుంది, 3 ప్రైమ్ (తోక ఉన్న) వైపు కుప్ప పడుతుంది. క్యూపీసీఆర్‌లో 70-150 బేస్‌ల చిన్న ముక్కే చూస్తాం కాబట్టి కొంత తట్టుకుంటుంది. కానీ కంట్రోల్ 9, ట్రీట్‌మెంట్ 5 అయితే వాటిని పోల్చొద్దు. రెండూ ఒకేలా ఉండటం ముఖ్యం.

డీఎన్ఏ సంగతి కూడా మర్చిపోకండి. మైక్రోగ్రాముకి 1 యూనిట్ డీఎన్ఏజ్, 37 డిగ్రీల్లో అరగంట, ఈడీటీఏ (మెగ్నీషియంని పట్టేసేది) వేసి ఆ తర్వాతే 65 డిగ్రీల్లో 10 నిమిషాలు. ఈడీటీఏ లేకుండా వేడి చేస్తే మెగ్నీషియమే ఆర్ఎన్ఏని కోస్తుంది. ఆర్‌టీ ఎంజైము వేయని కంట్రోల్ తప్పనిసరి. "నా ప్రైమర్లు ఇంట్రాన్ (ఎంఆర్ఎన్ఏలో ఉండని జన్యు భాగం) దాటి ఉన్నాయి, అక్కర్లేదు" అంటారు కొందరు. జీఏపీడీహెచ్‌కి (పోలిక కోసం తరచూ వాడే జన్యువు) మానవ జీనోమ్‌లో 60కి పైగా ఇంట్రాన్ లేని సూడోజీన్‌లు (పనిచేయని నకళ్లు) ఉన్నాయి. అక్కడ ఆ మాట చెల్లదు. కంట్రోల్‌కీ అసలు శాంపిల్‌కీ కనీసం ఏడు సైకిళ్ల తేడా ఉంటే డీఎన్ఏ వాటా 1 శాతం లోపే.

వరంగల్ పిపెట్

తిరిగొచ్చాను. పక్క డిపార్ట్‌మెంట్ సెంట్రిఫ్యూజ్, వెల్‌లోనే 1 మి.లీ. ట్రైజాల్, ట్రిప్సిన్ లేదు, రెండు వాష్‌లు. ఇప్పుడు 410 నానోగ్రాములు/మైక్రోలీటరు, 260/280 విలువ 1.98, 260/230 విలువ 1.9. శిఖరం 260 దగ్గరే. పెల్లెట్ కనిపించింది!

బ్లీచ్ జెల్ కూడా వేశాను. 28ఎస్, 18ఎస్ పదునుగా ఉన్నాయి, స్మియర్ లేదు. కానీ రెండింటి మధ్యలో ఒకటి, 18ఎస్‌కి కాస్త కింద ఇంకొకటి, సన్నగా రెండు అదనపు పట్టీలు ఉన్నాయి. అన్ని శాంపిళ్లలోనూ. డీఎన్ఏజ్ తర్వాత కూడా పోలేదు. ముక్కలవుతోందా?

గోదావరి ఎంఆర్ఎన్ఏ

ముక్కలైతే పొగ వస్తుంది, ఇంత పదునైన పట్టీలు రావు. లాడర్ (పొడవులు తెలిసిన కొలబద్ద పట్టీలు) పక్కన ఆ రెండూ ఎక్కడున్నాయి? సుమారు 2,900, 1,500 న్యూక్లియోటైడ్ల దగ్గరా?

వరంగల్ పిపెట్

ఆర్ఎన్ఏ లాడర్ లేదు. 28ఎస్, 18ఎస్‌ల మధ్య దూరం కొలిచి అంచనా వేస్తే ఇంచుమించు అక్కడే.

గోదావరి ఎంఆర్ఎన్ఏ

అవి బ్యాక్టీరియా తరహా రైబోజోమ్ ఆర్ఎన్ఏలు, 23ఎస్, 16ఎస్. మీ కల్చర్‌లో మైకోప్లాస్మా (అతి చిన్న బ్యాక్టీరియా) ఉందని నా అనుమానం. మామూలు బ్యాక్టీరియా అయితే మీడియం మబ్బుగా అయ్యేది, మీరు పట్టేసేవారు. మైకోప్లాస్మాకి కణకుడ్యం లేదు, మైక్రోస్కోపులో మామూలుగా కనిపించదు, పెన్సిలిన్ పనిచేయదు, 0.22 మైక్రాన్ల ఫిల్టర్లోంచి కూడా జారిపోగలదు. జెల్ మీద దాని ఆర్ఎన్ఏ కనిపించిందంటే కొద్దిగా కాదు, బాగా ముదిరినట్టు.

పీసీఆర్‌తో పరీక్షించండి, కల్చర్ మీడియంతోనే అవుతుంది. లేదా కణాలకి హోయెక్స్ట్ రంగు (డీఎన్ఏకి అంటుకుని మెరిసేది) వేసి చూడండి. కేంద్రకం బయట చుక్కలు చుక్కలుగా మెరిస్తే అదే. యాంటీబయాటిక్ లేని మీడియంలో కొన్ని రోజులు పెంచి చూస్తే ఇంకా తేలిగ్గా దొరుకుతుంది.

సెంట్రిఫ్యూజ్ బాబాయ్

గోదావరి చెప్పింది నిజమైతే ఈ ఆర్ఎన్ఏ ఎంత శుభ్రంగా ఉన్నా క్యూపీసీఆర్ పెట్టకు. మైకోప్లాస్మా కణంలోని వందల జన్యువుల ఎక్స్‌ప్రెషన్‌ని కదిపేస్తుంది, నీ మందు ఏం చేసిందో విడదీయలేవు. నీ దిగుబడిలో కొంత దానిదే. గైడ్‌కి డేటా బదులు ఈ జెల్ బొమ్మ చూపించు.

వరంగల్ పిపెట్

పీసీఆర్ పాజిటివ్. నా ప్లేట్లే కాదు, మా ఫ్రీజర్లోని పాత స్టాక్‌లో కూడా. గైడ్ ముందు కాసేపు మౌనంగా ఉన్నారు, తర్వాత "మంచిదే, పేపర్ రాశాక తెలిసి ఉంటే?" అన్నారు. స్టాక్‌కి మందు పెట్టి శుభ్రం చేయాలా, కొత్తది తెప్పించాలా?

బోస్టన్ తెలుగోడు

ఎంసీఎఫ్-7 దొరికే లైనే. పుణెలోని ఎన్‌సీసీఎస్ లాంటి కణ భాండాగారం నుంచి కొత్తది తెప్పించుకోండి, రాగానే విడిగా పెట్టి పరీక్షించండి. మందులతో వారాల తరబడి కుస్తీ పట్టడం ఎక్కడా దొరకని కణాలకి చేసే పని. పాతవి ఆటోక్లేవ్ చేసి పారేయండి, ఇంక్యుబేటర్ నీళ్ల ట్రే ఖాళీ చేసి కడగండి, తెరిచిన మీడియం సీసాలన్నీ పారేయండి.

మోడరేటర్ కాకి

ఆ ఇంక్యుబేటర్ ఇంకెవరైనా వాడుతున్నారా?

వరంగల్ పిపెట్

ఇంకో రెండు ల్యాబులవాళ్లు. అందులో ఒకరు వచ్చే వారం సీక్వెన్సింగ్‌కి శాంపిళ్లు పంపబోతున్నారు. జెల్ బొమ్మ ప్రింట్ తీసుకుని ఇప్పుడే వాళ్ల దగ్గరికి వెళ్తున్నా.